జెండర్ గుర్తింపు: తాండూరు ప్రాంతం

తాను ఆడా, మగా, రెండూ కాదా అన్న ఎరుక మనిషి లోపలిది. దానికి పేరూ హద్దూ గీసేది ఎక్కువగా సమాజమే. ‘ఆడపిల్లలా ఏడుస్తావేంరా’ అనే మందలింపుతోనే ఆ పని మొదలవుతుంది. చట్టమూ తక్కువ తినలేదు. తాండూరు ఒకప్పుడు నిజాం రాజ్యంలో, గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ రాజ్యంలో 1329 ఫస్లీ (1919)లో నపుంసకుల చట్టం వచ్చింది. దాని కింద రిజిస్టరుకెక్కిన వ్యక్తి వీధిలో చీర కట్టినా, నగలు పెట్టుకున్నా, ఆడిపాడినా వారంటు లేకుండానే పట్టుకునే వీలుండేది. శిక్ష రెండేళ్ల దాకా జైలు. కట్టూబొట్టే నేరమైంది! 2014లో సుప్రీంకోర్టు స్వీయ గుర్తింపును హక్కుగా ఒప్పుకున్నా ఈ చట్టం పుస్తకాల్లోనే ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరుల పిటిషన్‌పై 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని ఆదేశించింది.