శిరోముండనము: మ్రొక్కును, శిక్షయు

నిద్రించుచున్న ద్రౌపదీసుతులను వధించిన అశ్వత్థామ పట్టుబడినపుడు, గురుపుత్రుడను గౌరవముచేత చంపజాలకయు, చేసిన పాపమును తలచి ఊరక విడువనొల్లకయు, అర్జునుడు వాని శిరోమణిని వెండ్రుకలతోగూడ కోసి శిబిరమునుండి వెడలగొట్టెనని భాగవతము చెప్పుచున్నది. తల గొరుగుట, ధనము హరించుట, ఉన్నచోటినుండి తరుముట, ఇవియే బ్రాహ్మణునకు వధయని అచ్చట నిర్ణయింపబడినది. రుక్మి తలయు మీసమును శ్రీకృష్ణుడు వికృతముగా గొరిగినపుడు సయితము, బంధువునకు ఇట్టి వైరూప్యము చావుతో సమానమని బలరాముడు తమ్ముని మందలించెను. కేశములను ప్రాణమునకు సాటిగా ఎంచిన ఈ భావమే మన క్షౌరాచారములన్నింటికిని మూలమని నా నమ్మకము.

 

ప్రాణతుల్యమైనది గనుకనే కేశము దేవునకు అర్పింపదగినదయ్యెను. శ్రీనివాసుని శిరస్సున వెండ్రుకలు లోపించినచోట నీలాదేవి తన కురులను తీసి ఇచ్చెననియు, స్వామి ఆమె పేర ఒక కొండకు నీలాద్రియను నామ మొసంగెననియు తిరుమల ఐతిహ్యము. నేటికిని కల్యాణకట్టలో ధనికుడును కూలివాడును ప్రక్కప్రక్కన కూర్చుండి తల వంచుదురు. పూర్తిగా ఇయ్యలేని స్త్రీలు మూడు కత్తెరలు ఇచ్చి మ్రొక్కు చెల్లింతురు. గుండుతో ఇల్లు చేరిన ఇల్లాలిని చూచి ఇరుగుపొరుగువారు ప్రసాదమునకై చేయి చాపుదురేగాని, అశుభమని మొగము త్రిప్పుకొనరు.

అదే గుండు బ్రాహ్మణకుటుంబములలో భర్తను కోల్పోయిన బాలికకు శిక్షయయ్యెను. కాపురము చేసి యెఱుగని పిల్లకును జుట్టు తీయించి, ముసుగు వేసి, శుభకార్యములకు దూరముచేసి, ప్రయాణమునకు బయలుదేరినవారు ఆమె ఎదురైనచో వెనుదిరుగునంతటి క్రౌర్యమును పెద్దలు ధర్మమనిరి. విధవ కొప్పు పరలోకమున భర్తకు బంధనమగునను కాశీఖండవచనము వారికి ఆధారము. మనుస్మృతి వితంతువునకు కఠినవ్రతములు విధించినదేగాని, తల గొరుగుమని చెప్పలేదు. తిరుమలలో భక్తురాలు తానై తల వంచినది. ఇచ్చట ఆ పిల్లను అడిగినవారే లేరు. ఈ భేదమును గుర్తింపక రెండును ఒక్క ఆచారమే యనువారితో నేను ఏకీభవింపజాలను.

వితంతువివాహమునకు 1856లో చట్టము అనుమతి యిచ్చినను, ఆంధ్రదేశమున ఆ ధైర్యము క్రియారూపము దాల్చుటకు పాతికేండ్లు పట్టెను. కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించి, సంఘబహిష్కారమునకు వెఱవక నిలిచిరి.

ఈ చరిత్రలో కత్తి పట్టినవారి మాట మనవారు తలచుట అరుదు. బొంబాయిలో 1890లో కార్మికనాయకుడగు నారాయణ మేఘాజీ లోఖండే ప్రోత్సాహమున క్షురకులు సభ చేరి, ఇకమీదట వితంతువుల తలలు గొరుగమని నిశ్చయించుకొనిరి. పండితులు శ్లోకములకు అర్థములు తేల్చుకొనుచుండగా, ఆ పనికి కూలి పుచ్చుకొను నిరుపేదలు, ఆ కూలియే మాకు వలదని లేచిరి.