ఇసుక నడుమ వెలసిన పుస్తక నగరము : టింబక్టు

నాగరికతలు నదీతీరములందు వెలసినవని చరిత్రకారులు చెప్పుదురు. నైలు, సింధు, గంగా నదులు అందుకు తార్కాణములు. అయితే సముద్రమునకు విముఖముగా బయలుదేరి, ఎడారి అంచువరకు నడచివచ్చి, అచట నొక పట్టణమునకు ప్రాణము పోసి, మరల వెనుదిరిగి సముద్రమును చేరుకొను నది ఒకటి ఆఫ్రికా ఖండమున కలదు. అదియే నైజరు నది. ఆ పట్టణము టింబక్టు. నేడది మాలి దేశములోనిది. 16వ శతాబ్ది ఆరంభమున అచటికి వెళ్లిన లియో ఆఫ్రికానస్ అను యాత్రికుడు, ఆ ఊరి అంగడిలో తక్కిన సరకులన్నిటికంటె పుస్తకముల వర్తకమునందే లాభము హెచ్చని వ్రాసెను. పుస్తకము విలువ నెరిగిన వారందరును తెలిసికొనదగిన చరిత్ర ఈ నగరమునకు కలదు.

నైజరు నది గినీ దేశపు కొండలలో, అట్లాంటిక్ మహాసముద్రమునకు సుమారు 240 కిలోమీటర్ల దూరముననే పుట్టును. కాని అది చేరువనున్న కడలిని విడిచి ఈశాన్యముగా ప్రవహించి, సహారా ఎడారిని తాకి, ఆగ్నేయమునకు వంగి, మొత్తము 4,180 కిలోమీటర్లు పయనించి గినీ సింధుశాఖలో కలియును. కొండలలో వానలు కురిసిన పిమ్మట ఆ నీరు దారిలోని విశాలమైన బురదనేలలందు పరచుకొని, మెల్లగా సాగి, డిసెంబరు, జనవరి మాసములకు గాని టింబక్టు ప్రాంతమును చేరదు. ఆకాశమున మబ్బుతునక లేని వేళ నది పొంగుట అచటి వింత. నగరమునకు దక్షిణముగా కొన్ని మైళ్ల దూరమున కబారా అను రేవు కలదు. దక్షిణపు ధాన్యమును, బంగారమును పడవలు ఈ రేవునకు తెచ్చెడివి. ఉత్తరపు ఉప్పును, వస్త్రములను, కాగితమును ఒంటెలు మోసికొని వచ్చెడివి. పడవకును ఒంటెకును సంధి కుదిరిన చోటు కనుకనే ఇసుకలో నగరము లేచెను.

క్రీ. శ. 1100 ప్రాంతమున తువారెగ్ జాతి పశుపాలకులు వేసవి విడిదిగా ఈ తావును ఎన్నుకొనిరట. వారి సామానులకు కావలియుండిన బుక్టు అను స్త్రీ పేరుమీదనే ఊరికి టింబక్టు అను పేరు వచ్చినదని జనశ్రుతి. గుడారములు గుడిసెలైనవి; గుడిసెలు మట్టిమేడలైనవి. ఎడారిలోని తఘాజా గనులనుండియు, తరువాతి కాలమున తౌదేని గనులనుండియు ఉప్పు పలకలు వచ్చెడివి. ఒక్కొక్క ఒంటె మామూలుగా నాలుగు పలకలను మోయును. గుమ్మము ముందు ఉప్పు, పెరటివైపు బంగారము ఉన్న ఊరికి కీర్తి రాకుండునా?

1324లో మాలి చక్రవర్తి మన్సా మూసా మక్కా యాత్రకు వెడలెను. త్రోవలో కైరో నగరమున ఆయన పంచిపెట్టిన బంగారమునకు అచటి బంగారము ధరయే పడిపోయెనని నాటి వ్రాతలు తెలుపుచున్నవి. తిరిగి వచ్చునపుడు ఆయన అండలూసియా దేశస్థుడైన అల్ సాహిలీ అను కవిని వెంట తోడ్కొని వచ్చెను. 1327 ప్రాంతమున టింబక్టులో జింగరెబర్ మసీదు వెలసెను. సంకోరే మసీదు ఒక సంపన్న వనిత ఇచ్చిన ధనముతో నిర్మింపబడినదని ప్రతీతి. 15వ శతాబ్దిలో సిదీ యహ్యా మసీదు వీనికి తోడయ్యెను. ఇవియన్నియు మట్టితో కట్టినవే.

ఈ మసీదులచుట్టును విద్య పెంపొందెను. సంకోరే విద్యాపీఠమని పేరేగాని, అది ఒక ప్రహరి, ఒక ద్వారము గల కళాశాల కాదు. పండితుని ఇల్లే పాఠశాల. శిష్యుడు ఒక గ్రంథమును గురువు సన్నిధిని ఆమూలాగ్రముగా చదివి, దానిని బోధించుటకు అనుమతిపత్రమును పొందెడివాడు. మతధర్మము, న్యాయము, వ్యాకరణము, గణితము, ఖగోళము, వైద్యము అచట పఠనీయములు. ప్రతులు వ్రాయుట గౌరవప్రదమైన వృత్తి. ఒకడు వ్రాయగా, వేరొకడు దానిని మూలముతో సరిచూచెడివాడు. గ్రంథాంతమున లేఖకుని పేరు, వ్రాత ముగిసిన తిథి, కొన్నిటియందు చెల్లించిన వెలయు కానవచ్చుచున్నవి.

ఆ పండితులలో ముహమ్మద్ బఘయోఘో అను గురువు చరిత్ర గ్రంథాలయ పాఠకులకు ప్రత్యేకముగా స్మరణీయము. ఆయన 16వ శతాబ్దివాడు. ఆయన ఔదార్యమును శిష్యుడగు అహమద్ బాబా స్వయముగా వ్రాసియుంచెను. దుర్లభములైన గ్రంథములను సైతము ఆయన అడిగినవారికెల్ల ఎరువిచ్చెడివాడట; తిరిగి ఇమ్మని ఒత్తిడి చేసెడివాడు కాడట. ముఖమెరుగని విద్యార్థి వాకిట నిలిచి ఫలానా గ్రంథము కావలెనని పలికినను, లోపలికి పోయి వెదకి తెచ్చి చేతిలో పెట్టెడివాడట. ఈ తీరున ఆయన గ్రంథములు కొన్ని నష్టమైనవి. ఒక పుస్తకము బంగారముతో తూగు కాలమున ఆయన ఈ విధముగా ప్రవర్తించుట గమనింపదగినది.

ఏలికలు మారినపుడెల్ల పండితుల బ్రతుకు మారుచుండెను. 1468లో సొంఘాయి రాజు సున్నీ అలీ నగరమును పట్టుకొనగా పండితులు పలువురు ఊరు విడిచిపోయిరి. 1493లో గద్దెనెక్కిన అస్కియా ముహమ్మద్ వారిని తిరిగి ఆదరించెను. కాని 1591లో మొరాకో సేనలు తుపాకులతో ఎడారిని దాటివచ్చి, తోందిబి యుద్ధమున సొంఘాయి సైన్యమును ఓడించెను. రెండేండ్ల పిమ్మట టింబక్టు పండితులు బందీలైరి. అహమద్ బాబా సంకెళ్లతో మర్రాకేష్ నగరమునకు కొనిపోబడెను. తనవద్దనుండి 1,600 సంపుటములు దోచుకొనబడినవనియు, తన బంధువులందరిలోను తనదే చిన్న గ్రంథాలయమనియు ఆయన చెప్పుకొనెను. 1608లో గాని ఆయనకు స్వగ్రామమును చూచు భాగ్యము లభింపలేదు. 1627లో ఆయన టింబక్టులోనే కన్నుమూసెను.

క్రమముగా బంగారపు వర్తకము ఎడారిబాటను విడిచి సముద్రతీరమును పట్టెను. నగరము క్షీణించెను. 1828లో మారువేషమున చేరిన ఫ్రెంచి యాత్రికుడు రెనే కాయ్యే, బంగారు మేడలను ఊహించి వచ్చి, మట్టియిండ్లను చూచి నిరాశపడెను. ఆ మట్టియిండ్లలోపల పెట్టెలయందు దాగియున్న సంపద ఆయన కంటబడలేదు. 1894లో ఫ్రెంచివారు నగరమును ఆక్రమించిరి. దోపిడికి వెరచి కుటుంబములు గ్రంథములను గోడల నడుమను, ఇసుకలోను దాచిరి. ఇచ్చి పోగొట్టుకొన్న గురువు కాలము గతించి, దాచి కాపాడుకొను కాలము వచ్చెను. దాచిన పుస్తకము దొంగకు దొరకలేదు. కాని చదువరికిని దొరకలేదు. చెదలు మాత్రము తమ పని తాము చేసికొనిపోయినవి.

నగరజీవనము మాత్రము ఆగలేదు. సొంఘాయి, తువారెగ్, అరబ్బు, ఫులానీ జాతులవారు పక్కపక్కనే నివసించిరి. వీధులలో గుమ్మటములవంటి మట్టిపొయ్యిలు కలవు. ఇరుగుపొరుగు స్త్రీలు ఒకే పొయ్యిలో గోధుమరొట్టెలు కాల్చుకొందురు. గాలికిని వానకును మసీదు గోడల పూత రాలిపోవుచుండును. తాపీపనివారి వంశములు ముందు నడువగా, ఊరివారు చేయిచేయి కలిపి మట్టిపూత వేయుదురు. ఏ రాజు కట్టించినను, ఆరు నూరేండ్లకు పైగా ఆ గోడలను నిలిపినది ఈ ఊరివారి చేతులే.

1960లో మాలి స్వతంత్రమయ్యెను. 1973లో అహమద్ బాబా పేర గ్రంథసంరక్షణ కేంద్రము ఆరంభమయ్యెను. కుటుంబములు తమ పెట్టెలను తెరచి, గ్రంథములను పండితులకు చూపసాగినవి. 1988లో యునెస్కో ఈ నగరమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. ఇంతలో 2012లో సాయుధ మూకలు నగరమును ఆక్రమించి, పూర్వపు మహాత్ముల సమాధులను పడగొట్టినవి. అపుడు అబ్దుల్ ఖాదిర్ హైదరా మొదలగువారును, పేరులేని సామాన్యులును గ్రంథములను ఇనుపపెట్టెలలో సర్ది, రాత్రివేళ గాడిదబండ్లపైని, మోటారు బండ్లలోను, నైజరు పడవలలోను రాజధానియగు బమాకోకు తరలించిరి. నగరమును పోషించిన నదియే నగరపు జ్ఞానమునకు దారి ఇచ్చెను. 2013 జనవరిలో ఆ మూకలు పారిపోవుచు సుమారు 4,000 వ్రాతప్రతులను తగులబెట్టినవి. తక్కినవి, అనగా అత్యధికభాగము, దక్కినవి. కూలిన సమాధులను 2015 నాటికి స్థానికులగు తాపీపనివారే తిరిగి కట్టిరి. ఆ విధ్వంసమునకు బాధ్యుడైన ఒకనికి 2016లో అంతర్జాతీయ నేరన్యాయస్థానము 9 ఏండ్ల శిక్ష విధించెను. బమాకోలోని తేమగాలి ఎడారిలో పెరిగిన కాగితమునకు పడలేదు. 2025 ఆగస్టులో గ్రంథములు పెట్టెలు పెట్టెలుగా సొంత ఊరికి మరలుట ఆరంభమయ్యెను.

బంగారము పోయినది, రాజ్యములు పోయినవి, బాటలు మారినవి, పుస్తకము మిగిలినది. దానిని కాపాడినవి కోటలు కావు, గృహస్థుల పెట్టెలు. అయినను దాచుట కష్టకాలపు ధర్మమే గాని, పుస్తకమునకు పరమధర్మము కాదు. కాపాడిన పుస్తకమునకు సార్థకత మరల ఒక చదువరి చేతిలో పడినపుడే. బఘయోఘో పోగొట్టుకొన్న గ్రంథములు ఎన్నియో ఎవరును లెక్కింపలేదు. కాని ఆయన ఇచ్చిన గ్రంథములను చదివి పెరిగిన శిష్యుని పేరే నేడు ఆ నగరపు గ్రంథనిలయమునకు నిలిచియున్నది. వాకిట నిలిచి పుస్తకమడిగిన అపరిచితునికి లేదనక ఇచ్చు చేయి ఉన్నంతకాలము, ఊరు చిన్నదైనను, ఎడారిలోనిదైనను, దాని గ్రంథాలయమునకు చేటు లేదు.