అతిగా డిశ్చార్జి అయిన కెమెరా బ్యాటరీల పునరుద్ధరణ

లిథియం-అయాన్ బ్యాటరీలోని ఘటం వోల్టేజి, తయారీదారు నిర్ణయించిన కనిష్ఠ స్థాయి కంటే దిగువకు పడిపోవడాన్ని అతి డిశ్చార్జి అంటారు. డిజిటల్ కెమెరాను చాలాకాలం వాడకుండా ఉంచినపుడు ఇది తరచు సంభవిస్తుంది. ఇటువంటి బ్యాటరీని ఛార్జరు గుర్తించకపోవచ్చు. ఛార్జరు గుర్తించనంత మాత్రాన బ్యాటరీ పూర్తిగా పాడైనట్లు కాదు. తిరిగి ఛార్జి ఎక్కినంత మాత్రాన అది సురక్షితమైనట్లూ కాదు. ఘటం వోల్టేజి ఎంతకు పడిపోయింది, ఆ స్థితిలో ఎంతకాలం ఉంది అనే రెండు అంశాలే పునరుద్ధరణకు ముఖ్యమైనవి.

నేపథ్యం

లిథియం-అయాన్ బ్యాటరీలను 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ తొలిసారిగా విక్రయానికి విడుదల చేసింది. వీటి అభివృద్ధికి గాను జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కెమెరా బ్యాటరీలలో ఒక్కొక్క ఘటపు నామమాత్రపు వోల్టేజి సాధారణంగా 3.6 లేదా 3.7 వోల్టులు. పూర్తిగా ఛార్జి అయినపుడు ఇది 4.2 వోల్టులకు చేరుతుంది. కనిష్ఠ పరిమితి 2.5 నుండి 3.0 వోల్టుల మధ్య ఉంటుంది. చిన్న కెమెరాల బ్యాటరీలలో సాధారణంగా ఒకే ఘటం ఉంటుంది. కానన్ ఎల్‌పీ-ఈ6 వంటి బ్యాటరీలలో రెండు ఘటాలను శ్రేణిలో కలుపుతారు. అందువలన దానిపై 7.2 వోల్టులని ముద్రించి ఉంటుంది.

రక్షణ వలయం

బ్యాటరీ లోపల ఒక చిన్న ఎలక్ట్రానిక్ రక్షణ వలయం ఉంటుంది. వోల్టేజి పరిమితి కంటే తగ్గినపుడు ఇది ఘటానికి, బయటి ధ్రువాలకు మధ్య సంబంధాన్ని తెంచివేస్తుంది. అపుడు మల్టీమీటరుతో కొలిస్తే ధ్రువాల వద్ద దాదాపు సున్నా కనిపిస్తుంది, కాని లోపలి ఘటంలో ఇంకా 2 వోల్టులకు పైగా ఉండవచ్చు. ఇటువంటి బ్యాటరీ కోలుకునే అవకాశం ఎక్కువ. అయితే వలయం తెగిన తరువాత కూడా స్వయం డిశ్చార్జి వలన, వలయం వాడుకునే స్వల్ప విద్యుత్తు వలన వోల్టేజి నెమ్మదిగా తగ్గుతూనే ఉంటుంది.

ఘటంలో జరిగే మార్పులు

ఋణధ్రువంలో రాగి రేకుపై గ్రాఫైటు పూత ఉంటుంది. వోల్టేజి మరీ తగ్గినపుడు ఈ రాగి కరిగి విద్యుద్విశ్లేష్యంలో కలుస్తుంది. తిరిగి ఛార్జి చేసినపుడు ఆ రాగి లోహంగా పేరుకుని, ధ్రువాలను వేరుచేసే పలుచని పొరను దాటి లోపలే షార్టు సర్క్యూటు కలిగించవచ్చు. దీనివలన బ్యాటరీ వేడెక్కి మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. ఘటం 1.5 వోల్టుల కంటే తక్కువ స్థితిలో వారం రోజులకు మించి ఉంటే దానిని తిరిగి వాడరాదు.

పునరుద్ధరణ విధానం

చాలా ఛార్జర్లలో ముందస్తు ఛార్జి అనే దశ ఉంటుంది. ఈ దశలో బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు లేదా అంతకంటే తక్కువ విద్యుత్తును పంపుతారు. ఉదాహరణకు 1800 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీకి ఇది 180 మిల్లీఆంపియర్లు. ఘటం సుమారు 3 వోల్టులకు చేరిన తరువాతే మామూలు ఛార్జి మొదలవుతుంది. నిర్ణీత సమయంలో వోల్టేజి పెరగకపోతే ఛార్జరు దానిని లోపంగా సూచిస్తుంది.

కోలుకున్న బ్యాటరీని ఒక రోజు పక్కన ఉంచి మరల కొలవాలి. వోల్టేజి గణనీయంగా పడిపోయినా, బ్యాటరీ ఉబ్బినా, ఛార్జి సమయంలో బాగా వేడెక్కినా దానిని వాడరాదు. రెండు ఘటాల బ్యాటరీలో మొత్తం 4 వోల్టులు కనిపించినా, ఒక ఘటంలో 2.9, రెండవదానిలో 1.1 వోల్టులు మాత్రమే ఉండవచ్చు. కనుక మొత్తం కొలతను మాత్రమే నమ్మరాదు.

ప్రమాదకరమైన పద్ధతులు

వేరొక బ్యాటరీని తీగలతో కలిపి వోల్టేజి ఎక్కించే పద్ధతి ప్రచారంలో ఉంది. ఇందులో విద్యుత్ ప్రవాహానికి నియంత్రణ ఉండదు, ధ్రువాలు తారుమారయ్యే అవకాశమూ ఉంది. నికెల్ బ్యాటరీల ఛార్జరును వాడడం, బ్యాటరీ తొడుగును కత్తితో తెరవడం కూడా ప్రమాదకరమే.

నివారణ

చాలాకాలం వాడనపుడు బ్యాటరీని కెమెరా నుండి తీసి, సుమారు సగం ఛార్జితో చల్లని, పొడి ప్రదేశంలో ఉంచాలి. ఆరు నెలలకొకసారి పరీక్షించాలి. పాడైన బ్యాటరీ ధ్రువాలపై టేపు అంటించి, సేకరణ కేంద్రానికి ఇవ్వాలి, చెత్తబుట్టలో వేయరాదు. భారతదేశంలో 2001 నాటి నియమాలు సీసపు బ్యాటరీలకే పరిమితం కాగా, 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు లిథియం బ్యాటరీలకు కూడా వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

లిథియం
విద్యుద్ఘటం
డిజిటల్ కెమెరా