పన్నెండు మందిలో ఒకరు: బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక స్వతంత్ర యువజన కేంద్రం

1981లో బ్రిటన్ ప్రభుత్వం నిరుద్యోగ భృతి చెల్లింపుల తీరును సమీక్షించింది. ప్రధాని మార్గరెట్ థాచర్‌కు పాలనా వ్యయాల తగ్గింపుపై సలహాదారుగా ఉన్న సర్ డెరెక్ రేనర్ ఆధ్వర్యంలో జరిగిన ఆ సమీక్ష, భృతి పొందుతున్న ప్రతి పన్నెండు మందిలో ఒకరు మోసానికి పాల్పడుతున్నారని అంచనా వేసింది. దేశంలో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలకు చేరువవుతున్న కాలమది. ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో క్లెయిమెంట్స్ యూనియన్ అనే భృతిదారుల సంఘానికి చెందిన కొందరు యువతీయువకులు ఆ నిందను ఖండిస్తూ కూర్చోలేదు. దానినే తమ సంస్థకు పేరుగా పెట్టుకున్నారు. అలా పుట్టినదే ‘వన్ ఇన్ ట్వెల్వ్ క్లబ్’.

ఈ పేరులోని ధిక్కారం అర్థం కావాలంటే ఆ ఊరి చరిత్ర కొంత తెలియాలి. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రాడ్‌ఫర్డ్ ప్రపంచపు ఉన్ని రాజధాని. వర్స్‌టెడ్ అనే మేలురకం ఉన్ని బట్టకు పెట్టింది పేరు కావడంతో దానిని ‘వర్స్‌టెడోపొలిస్’ అని పిలిచేవారు. అక్కడి మానింగ్‌హామ్ మిల్స్ యజమాని శామ్యూల్ లిస్టర్ 1890 చివరలో కూలి తగ్గించగా కార్మికులు సమ్మెకు దిగారు. నెలల తరబడి సాగిన ఆ సమ్మె 1891 ఏప్రిల్‌లో ఓటమితో ముగిసింది. ఓటమి నేర్పిన పాఠం మాత్రం వృథా కాలేదు. ఇతరుల పార్టీలను నమ్ముకుంటే లాభం లేదని గ్రహించిన కార్మికోద్యమం 1893 జనవరిలో అదే నగరంలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీని స్థాపించింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత మిల్లులకు కార్మికులు చాలక దక్షిణాసియా నుంచి వలసలు మొదలయ్యాయి. మీర్‌పూర్, పంజాబ్, గుజరాత్ ప్రాంతాల నుంచి వచ్చినవారిలో చాలామందికి రాత్రి షిఫ్టులే దక్కాయి. వారి పిల్లలు యుక్తవయస్సుకు వచ్చేనాటికి ఆ మిల్లులే మూతపడసాగాయి. మిల్లు మూతపడితే పోయేది జీతమొక్కటే కాదు. పదిమంది కలిసే చోటూ, సంఘం కట్టుకునే అలవాటూ దానితోపాటే పోతాయి.

ఆ శూన్యాన్ని నింపే ప్రయత్నాలు నగరంలో ఒకటికి మించి జరిగాయి. 1978లో ఏర్పడిన ఏషియన్ యూత్ మూవ్‌మెంట్ జాతివివక్షపైనా, కుటుంబాలను విడదీసే వలస చట్టాలపైనా పోరాడింది. ప్రభుత్వ నిధులు తీసుకోవడం ఉద్యమ స్వతంత్రతను దెబ్బతీస్తుందా అన్న ప్రశ్న దానిలో చీలికకు దోహదం చేసింది. 1981 జులైలో జాత్యహంకార మూకలు దాడికి వస్తున్నాయన్న వార్తతో పెట్రోలు బాంబులు సిద్ధం చేశారన్న ఆరోపణపై పన్నెండుమంది యువకులు అరెస్టయ్యారు. చరిత్ర వారిని ‘బ్రాడ్‌ఫర్డ్ ట్వెల్వ్’గా గుర్తుపెట్టుకుంది. తమ సమాజాన్ని కాపాడుకునేందుకే ఆ పని చేశామన్న వారి వాదనను విన్న జ్యూరీ 1982లో వారిని నిర్దోషులుగా తేల్చింది. అదే నగరం, అదే సంవత్సరం, అదే అంకె: ఈ పన్నెండుకూ క్లబ్బు పేరులోని పన్నెండుకూ సంబంధం లేదు. కానీ రెండు కథల్లోనూ రాజ్యం అనుమానితులుగా చూసినది పనిలేని మిల్లు నగరపు యువతరాన్నే.

వన్ ఇన్ ట్వెల్వ్ క్లబ్బుకు తొలినాళ్ళలో సొంత చోటు లేదు. పబ్బులలో గదులు తీసుకుని సంగీత కచేరీలు నడిపేవారు. భృతి మీద బతికేవారికి సైతం అందుబాటులో ఉండేలా టికెట్ల ధరలు ఉంచేవారు. అయితే గది ఇచ్చేవాడు ఎప్పుడైనా తలుపు మూయగలడు. అందుకే 1988లో ఆల్బియన్ స్ట్రీట్‌లో సొంత భవనంలోకి మారడం క్లబ్బు చరిత్రలో ప్రధాన ఘట్టం. కచేరీ వేదిక, బారు, కెఫే, గ్రంథాలయం ఒకే కప్పు కిందికి వచ్చాయి. పంక్ సంగీతాభిమానులకు ఆ వేదిక బ్రిటన్ ఎల్లలు దాటి పరిచయమైంది.

నిర్వహణ విధానంలోనే ఈ కేంద్రం విశిష్టత ఉంది. స్వయంపాలన, సహకారం, పరస్పర సహాయం దాని మూలసూత్రాలు. ఇది సభ్యుల క్లబ్బు. లాభం పంచుకునే యజమాని లేడు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క బృందం. అందరికీ సంబంధించిన నిర్ణయాలు సభ్యుల సమావేశంలో. అరాచకవాదం అనగానే అస్తవ్యస్తత స్ఫురించేవారికి ఇది వింతగా తోచవచ్చు. కానీ పాత మిల్లు నగరాల సహకార దుకాణాలకూ, కార్మికుల పరస్పర సహాయ సంఘాలకూ ఇది దగ్గరి చుట్టమే.

ఇటువంటి కేంద్రానికి పరిమితులూ లేకపోలేదు. పంక్ సంగీతం, బారు చుట్టూ అల్లుకున్న చోటు, ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉన్న నగరంలో యువత అందరికీ సమానంగా తెరుచుకోవడం కష్టం. ఒకే ఆర్థిక పతనం నుంచి పుట్టిన రెండు యువతరాలు చాలావరకు వేర్వేరు గదులలో పెరిగాయి. స్వతంత్ర కేంద్రం ఎవరి నుంచి స్వతంత్రమో చెప్పడం సులువు. ఎవరికి చెందినదో చెప్పడమే కష్టం.

మానింగ్‌హామ్ మిల్లులో ఇప్పుడు నివాస గృహాలున్నాయి. 2025లో బ్రాడ్‌ఫర్డ్ బ్రిటన్ సాంస్కృతిక నగరంగా ఏడాదిపాటు ఉత్సవాలు జరుపుకున్నది. అటువంటి హోదా పోటీలో గెలిస్తే వస్తుంది, గడువు తీరితే ముగుస్తుంది. ఆల్బియన్ స్ట్రీట్ భవనం మరో దారి చూపింది. పనిలేనివారని నిందపడ్డవారే జీతం ఆశించకుండా పనిచేసి ఒక సంస్థను దశాబ్దాలపాటు నిలబెట్టారు. రేనర్ సమీక్ష లెక్కలకు అంతకుమించిన జవాబు వారు ఇవ్వనవసరం లేకపోయింది.