కోర్టు మాట నమ్మి అడ్రసు రాసినవాళ్లు

ఒకసారి దేశం నుంచి పంపించేసిన మనిషి దొంగచాటుగా సరిహద్దు దాటి మళ్లీ వస్తే, గ్రీన్‌కార్డు అడిగే దారి ఏమైనా ఉంటుందా? కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఒక లాయరు దగ్గర పారాలీగల్‌గా ఉన్న రోజుల్లో నా బల్ల మీదికి పదేపదే వచ్చిన ప్రశ్న ఇది. నాది తెనాలి. మా ఆఫీసుకు వచ్చేవాళ్లు ఎక్కువగా మెక్సికోవాళ్లు. ద్రాక్షతోటల్లో, టమాటా పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో వాళ్ల పని. భార్యో భర్తో అమెరికా పౌరులు, పిల్లలు ఇక్కడే పుట్టినవాళ్లు. ఎప్పుడో సరిహద్దు దగ్గర చేతిలో పెట్టిన ఒక బహిష్కరణ ఉత్తర్వు మాత్రం వాళ్లను వదలదు.

1996 సెప్టెంబరు 30న క్లింటన్ సంతకం చేసిన చట్టం మరుసటి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉత్తర్వు ఉండి కూడా తనిఖీ లేకుండా తిరిగొచ్చినవాళ్లకు అది శాశ్వత నిషేధం పెట్టింది. పదేళ్లు దేశం బయట గడిపితే గానీ, మళ్లీ రానివ్వండని అడగడానికి కూడా లేదు. పాత ఉత్తర్వునే అధికారి మళ్లీ అమలు చేసి పంపించేయవచ్చు, జడ్జి ముందు విచారణ ఉండదు.

ఇమ్మిగ్రేషన్ చట్టంలోనే 245(ఐ) అనే మరో సెక్షన్ ఇంకో మాట చెప్పింది. 2001 ఏప్రిల్ 30 లోపు కుటుంబసభ్యులో యజమానో ఆ మనిషి కోసం పిటిషన్ వేసి ఉంటే, వెయ్యి డాలర్ల జరిమానా కట్టి, దేశం దాటకుండానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ తేదీ మనవాళ్లకూ తెలిసిందే. డాట్‌కామ్ కంపెనీలు కూలిపోతున్న రోజులవి. ఆ తేదీలోపు లేబర్ సర్టిఫికేషన్ వేయించుకున్న హెచ్1బి ఉద్యోగులకు తర్వాత స్టేటస్ తప్పినా ఈ సెక్షన్ ఆసరాగా నిలిచింది. కాకపోతే బహిష్కరణ ఉత్తర్వు ఉండి, మళ్లీ సరిహద్దు దాటి వచ్చినవాళ్లు మనలో అరుదు. ఫ్రెస్నో తోటల్లో అలాంటివాళ్లు వీధికి ఒకరు.

నిషేధం గెలుస్తుందా, జరిమానా కట్టించుకునే సెక్షన్ గెలుస్తుందా? 2004 ఆగస్టు 13న పెరెజ్-గొంజాలెస్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు జవాబు చెప్పింది. మళ్లీ రావడానికి అనుమతి కోరే ఐ-212 ఫారాన్ని గ్రీన్‌కార్డు దరఖాస్తుతో కలిపి ఇక్కడి నుంచే వేసుకోవచ్చు, అధికారి దాన్ని పరిశీలించాలి అంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనాతో సహా ఆ కోర్టు పరిధిలోని పడమటి రాష్ట్రాలకు ఆ తీర్పు వర్తించింది.

ఆ తర్వాత మేం నింపిన ఫారాల్లో ఏముండేదో చెప్పాలి. పాత ఉత్తర్వు తేదీ, ఏ ఊరి దగ్గర పట్టుకున్నారు, మళ్లీ ఎప్పుడు, ఎటునుంచి వచ్చారు, ఇప్పుడు ఏ ఇంట్లో ఉంటున్నారు. పైగా ఫొటోలు, వేలిముద్రలు. ఏళ్ల తరబడి దాక్కున్న మనిషి తన ఇంటి నంబరును తన చేత్తోనే ప్రభుత్వానికి రాసిస్తున్నాడన్నమాట. అడ్రసు నిజంగానే రాయాలా అని ఒకామె అడిగింది. రాయాలి, కోర్టు తీర్పు ఉంది కదా అన్నాం. ఆమె నమ్మింది. నమ్మడానికి కారణం ఉంది కాబట్టే నమ్మింది.

2006 జనవరిలో వర్జీనియాలోని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు టోరెస్-గార్సియా కేసులో అడ్డం తిరిగింది. కోర్టు ఆధారం చేసుకున్న నిబంధన 1996 చట్టానికి ముందుది, కాబట్టి పదేళ్లు బయట ఉండకుండా అనుమతి కుదరదంది. అధికారులు బోర్డు మాట పట్టుకుని దరఖాస్తులు కొట్టేయడం మొదలుపెట్టారు. కొట్టేశాక పాత ఉత్తర్వును తిరిగి అమలు చేస్తారు. అడ్రసు ఎలాగూ ఫారంలోనే ఉంది.

ఒక్కొక్కరుగా కోర్టుకెక్కేలోపే సరిహద్దు దాటించేస్తారు. అందుకే 2006లో సియాటిల్ ఫెడరల్ కోర్టులో క్లాస్ యాక్షన్ వేశారు. డూరన్ గొంజాలెస్ కేసు అంటే అదే. కొద్దిమంది పేరు పెట్టి నిలబడితే, అదే స్థితిలో ఉన్న మిగతావాళ్లందరికీ తీర్పు వర్తిస్తుంది. భయపడి బతికేవాళ్లకు ఇంతకు మించిన సాధనం అమెరికా చట్టంలో నాకు కనబడలేదు. ఆ నవంబరులోనే జడ్జి మార్షా పెక్‌మన్ ప్రభుత్వాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 2007 నవంబరు 30న అదే తొమ్మిదో సర్క్యూట్ బోర్డు వైపు తిరిగింది. కారణం బ్రాండ్ ఎక్స్ అనే 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కేబుల్ కంపెనీల ఇంటర్నెట్ గురించిన వ్యాజ్యమది. చట్టంలో మాట అస్పష్టంగా ఉంటే, కోర్టు అంతకుముందు చెప్పిన అర్థాన్ని కూడా పక్కనపెట్టి ప్రభుత్వ సంస్థ చెప్పే సమంజసమైన అర్థాన్నే ఒప్పుకోవాలని అందులో తేల్చారు. ద్రాక్ష కోసే మనిషి సంసారం చివరికి కేబుల్ కనెక్షన్ తగాదా మీద ఆధారపడింది.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. పాత తీర్పును నమ్మి అప్పటికే బయటపడ్డవాళ్ల సంగతేమిటి? కొత్త అర్థం వాళ్లకూ వర్తిస్తుందని 2011లో అదే కోర్టు అంది. 2012లో గార్ఫియాస్-రోడ్రిగెజ్ కేసులో విస్తృత ధర్మాసనం, అలా గంపగుత్తగా కుదరదు, నమ్మి నష్టపోయారా అన్నది తూచి చూడాలంది. 2013లో డూరన్ గొంజాలెస్ కేసు మళ్లీ సియాటిల్‌కు వెళ్లింది. 2014లో రాజీ కుదిరింది. 2004 ఆగస్టు 13కూ 2007 నవంబరు 30కూ మధ్య దరఖాస్తు పెట్టినవాళ్ల కేసులను పాత తీర్పు ప్రకారమే మళ్లీ చూస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది.

నా దృష్టిలో ఇది దయ కాదు, బాకీ తీర్చడం. అదీ ఎనిమిదేళ్లు ఆలస్యంగా. కోర్టు చెప్పింది విని నిజం రాసిన మనిషిని ఆ నిజంతోనే పట్టుకోవడం ఏ చట్టానికీ తగదు. 2007 డిసెంబరు 1న ఫారం వేసినవాళ్లకు ఈ రాజీలో చోటు లేదు. వాళ్లకు పదేళ్ల నియమమే మిగిలింది. బ్రాండ్ ఎక్స్‌కు పునాదైన, చట్టం అస్పష్టంగా ఉంటే ప్రభుత్వ సంస్థ చెప్పే సమంజసమైన అర్థాన్నే ఒప్పుకోవాలనే షెవ్రాన్ సిద్ధాంతాన్ని సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది గానీ, అప్పటికే వెళ్లిపోయినవాళ్లను అది వెనక్కి తేలేదు.

ఇక్కడున్న మనవాళ్లకు ఒక మాట. మీ కోసమో, మీ తల్లిదండ్రుల కోసమో 2001 ఏప్రిల్ 30 లోపు వేసిన పిటిషన్ కాగితం ఉంటే పారేయకండి. మీకో, మీకు తెలిసినవాళ్లకో ఎన్నేళ్ల కిందటి బహిష్కరణ ఉత్తర్వు ఉన్నా, ఏ ఫారం మీదా సంతకం పెట్టకముందే ఆ ఉత్తర్వు నకలు తెప్పించి, ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి.