గొట్టం అడుగున పుట్టినతేదీ

పాత జర్మన్ వేట తుపాకీ వయసు తెలియాలంటే గొట్టాలు విప్పి అడుగుభాగం చూడాలి. పైన నగిషీల మధ్య మెరిసే పేరు చాలాసార్లు అమ్మిన దుకాణానిదే. తురింగియా ప్రాంతంలోని జూల్ పట్టణంలో ఒకరు గొట్టం, ఒకరు చెక్క, ఇంకొకరు చెక్కడం పని చేసిన తుపాకీ వేరే ఊరి వ్యాపారి పేరుతో బజారుకెక్కడం మామూలే.

అడుగున ఉండేవి పరీక్షా ముద్రలు. 1891 మే 19న చేసిన చట్టం 1893 ఏప్రిల్ 1 నుంచి అమలై, అమ్మకానికి ముందు పరీక్షను తప్పనిసరి చేసింది. కిరీటం కింద ‘బి’ ఉంటే మందు దట్టించి పేల్చి చూశారని, ‘యు’ ఉంటే ఆపైన తనిఖీ చేశారని అర్థం. ‘జి’ గాడులున్న గొట్టానికి, ‘ఎస్’ రవ్వలు పేల్చే నున్నటి గొట్టానికి, ‘డబ్ల్యూ’ మూతి దగ్గర ఇరుకు చేసిన గొట్టానికి. మూడు గొట్టాల ‘డ్రిల్లింగ్’ మీద ఈ ముద్రలన్నీ కలిసి కనిపించవచ్చు. ‘వి’ ఉంటే చట్టం వచ్చేనాటికే సరుకుగా నిల్వ ఉన్నదన్నమాట.

అసలు ఆసక్తికరమైనది అంకెల సంగతి. 108.49 అని కనిపిస్తే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు పౌను సీసానికి అన్ని వస్తాయని లెక్క. అంటే లోపలి వ్యాసం సుమారు 8.9 మిల్లీమీటర్లు. 9.3 మిల్లీమీటర్ల తూటా తుపాకీపై ఈ అంకె ఉందని కంగారు పడనక్కర్లేదు. కొలిచింది గాడుల మధ్య గట్ల నడుమ దూరాన్ని, గాడుల లోతు అందులో కలవదు. 1911-12 ప్రాంతంలో ఈ పద్ధతి పోయి మిల్లీమీటర్లు వచ్చాయి. పొగరాని మందుతో పరీక్షించినట్టు చెప్పే ‘ఎన్’ ముద్ర కూడా అప్పటిదే. కాబట్టి పాత అంకె ఉండి ‘ఎన్’ లేని తుపాకీని మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుదిగా భావించవచ్చు.

1920లలో జూల్‌లో పరీక్షించిన తుపాకీల తేదీ తెలుసుకోవడం మరీ సులువు: 3.27 అని ముద్ర ఉంటే 1927 మార్చి. ఊరి పేరూ సాయపడుతుంది. ట్సెల్లా సాంక్ట్ బ్లాజీ, మేలిస్ అనే ఊళ్లు 1919లో కలిసి ట్సెల్లా-మేలిస్ అయ్యాయి; పాత పేరుంటే తుపాకీ సాధారణంగా అంతకు ముందుదే. కిరీటం పోయి ‘ఎన్’ మీద గద్ద వాలితే అది 1940 ఏప్రిల్ తర్వాతి పరీక్ష.

‘ఆర్’ ముద్ర దగ్గర మాత్రం ఆగాలి. అది మరమ్మతు తర్వాత మళ్లీ పరీక్షించిన గుర్తు. పక్కనున్న తేదీ మరమ్మతుదే కావచ్చు.