సరిహద్దున ఆంగ్లసాహిత్యము

సూర్యాపేట నుండి బెజవాడ దారిని పోవువారు కోదాడ దాటిన కొంతసేపటికి జగ్గయ్యపేట ప్రాంతము చేరుదురు. 1948 కి పూర్వము ఆ నడిమి సరిహద్దు రెండు ప్రభుత్వములనే కాక రెండు చదువులను గూడ వేరుచేసెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు నిజాము రాజ్యపు నల్లగొండ జిల్లాలోనివి. జగ్గయ్యపేట మదరాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చేరినది. ఇరువైపుల ఇండ్లలోను వినబడునది తెలుగే. పై తరగతుల చదువు మాత్రము అవతల చిరకాలము ఆంగ్లమున, ఇవతల ఉర్దూలో సాగెను. తల్లిభాషలో ఉన్నతవిద్య ఏ వైపువారికిని లభింపలేదు.

అవతలివారి కథ ముందు చూతము. మదరాసు విశ్వవిద్యాలయము 1857 లో వెలసినది. ఆక్సుఫర్డులో ఆంగ్లసాహిత్యమునకు ప్రత్యేక పాఠశాఖ యేర్పడినది 1894 లో. అనగా ఆంగ్లేయులు తమ ప్రాచీన విద్యాపీఠమున తమ సాహిత్యమునకు తగిన పీఠము వేయకమునుపే మనవారు దానిలో పరీక్షల కూర్చుండిరి! ఆ చదువు పెక్కురకు ఉద్యోగసోపానమే యయ్యెను. కాని కందుకూరి వీరేశలింగముగారు గోల్డుస్మితు 1766 లో వెలువరించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ను చదివి, దాని ఛాయలు గైకొని, 1878 లో రాజశేఖర చరిత్రమును ప్రకటింప నారంభించిరి. బంగారము చేసెదనని మోసగించు బైరాగి మొదలుగా అందున్న మనుష్యులు మనయూరివారే. ఆ గ్రంథమే తిరిగి ఆంగ్లమునకు అనువదింపబడి 1887 లో వెలువడెను. సాహిత్యము చదువుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము వేరొకటి కలదా?

ఇక ఇవతల, 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనభాషగా నెలకొనెను; అందును ఆంగ్లము నిర్బంధపాఠ్యమే. పాఠ్యగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకు ప్రభుత్వము అనువాదశాఖను నిలిపినది. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని నిరూపించుట గొప్పకార్యమే. అయినను తెలుగువారి కట్టి సాధనము లేకపోయెను. ఆ లోటును కొంతయైనను తీర్చినవి 1901 లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు. నల్లగొండ జిల్లాలో 1915 లో పుట్టి, బాల్యమున వంటపని చేసి పొట్టపోసికొనుచు చదువు సంపాదించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు అనంతరము దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి తెలుగు పుస్తకములను జనులకు చేర్చిరి.

నేడు ఆ ప్రభుత్వములు లేవు. 1969 లో రెండేండ్ల ఇంటరుమీడియటు వచ్చినది. ఒకప్పుడు పై చదువులకు నోచుకొనని ఆడుబిడ్డలు నేడీ మూడు పట్టణములలోను కళాశాలలకు పోవుచున్నారు. ఇది సంతోషింపదగినది. కాని ఆంగ్లపాఠమున్న చోటనెల్ల సాహిత్యపఠన మున్నదని చెప్పజాలము. కథను చదువకయే కథమీది ప్రశ్నలకు జవాబులు కంఠస్థము చేయువారు పెక్కురు. ద్వితీయభాషగా తెలుగును విడిచి, మార్కులు సులభముగ వచ్చునని సంస్కృతము గైకొనువారును తక్కువ కారు. సంస్కృతముపై మాకు ద్వేషము లేదు. దానిని గూడ మార్కులకొరకే చదువుట దానికిని గౌరవము కాదు. ఇట్లు మూడు భాషల నడుమ పెరిగిన బిడ్డ దేనిలోను ఒక కథను తనదిగా చేసికొనకపోవచ్చును. మా భయ మిదియే.

దీనికి ప్రభుత్వాజ్ఞలకై వేచియుండ పనిలేదు. ఇంటనున్న పెద్దలు వారమునకొక రాత్రి, భోజనానంతరము, నీవు చదివిన ఆంగ్లకథను మాకు తెలుగున చెప్పుమని బిడ్డ నడుగవలెను. ఆంగ్లము రాని తల్లియు, నాయనమ్మయు వినవలెను. ఇది యెట్లు జరిగినది, అట్లేల చేసినదని ప్రశ్నింపవలెను. కంఠస్థము చేసిన జవాబు నాయనమ్మ ప్రశ్నకు నిలువదు. బిడ్డ మరల పుస్తకము తెరువవలసి వచ్చును. అట్లు తెరచిననాడు కోదాడ దాటినచోట ఒకప్పుడు నిలిచిన ఆ రెండవ సరిహద్దు మన యింటనైనను తొలగిపోవును.